రంగుల చదువుకు అప్పు చేయవచ్చునా?

రెండు సంవత్సరాల క్రితం, వేసవిలో ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయిన తరువాత ఒక కుటుంబం మాత్రం వెనుక బల్ల మీద కూర్చుండిపోయింది. తండ్రి బస్సు డిపోలో మెకానిక్కు. తల్లి ఇంటివద్ద కుట్టుపని చేస్తారు. పెద్దమ్మాయి ఇంటర్మీడియెట్ మంచి మార్కులతో ప్యాసైంది. ఆ బిడ్డ చేతిలో డ్రాయింగు షీట్ల కట్ట ఉన్నది. తండ్రి చేతిలో ఒక ప్రైవేటు కళాశాల వారి రంగురంగుల పుస్తకం, బ్యాంకు దరఖాస్తు, ఇంటి కాగితాల సంచి ఉన్నవి.

"అయ్యగారూ, మీరే ఒక మాట చెప్పండి. ఇది బొమ్మల చదువు చదువుతానంటోంది. నాలుగేళ్లకు ఎనిమిది లక్షలంట. ఇల్లు తాకట్టు పెట్టమంటున్నారు" అన్నారు ఆ సహోదరుడు.

బిడ్డ ఏమీ మాట్లాడలేదు. కట్ట విప్పి ఒక షీటు మా ముందు పెట్టింది. కుట్టు మిషను ముందు కూర్చున్న తల్లి బొమ్మ అది. మాకు చిత్రకళ తెలియదు. అయినా తొక్కుడు పలక మీద ఉన్న ఆ పాదమును చూడగానే ఆ తల్లి ఎంత అలసియున్నదో మాకు తెలిసింది.

"అమ్మాయి చదవాలనే నా ఆశ కూడా అయ్యగారూ. కానీ ఇల్లు ఒక్కటే ఉంది" అన్నారు తల్లి మెల్లగా.

ఆ రోజు మేము జవాబు చెప్పలేదు. ప్రార్థన చేసి, వారం రోజులు గడువు అడిగి పంపించాము. ఎందుకు గడువు అడిగామో మొదట చెప్పుకోవాలి.

మేము పెట్టిన సంతకము

2011లో మా సంఘంలోని ఒక యువకుడు యానిమేషన్ కోర్సులో చేరాడు. ఖర్చు ఆరు లక్షలు. ఆ రోజులలో నాలుగు లక్షలు దాటిన చదువు అప్పుకు బ్యాంకులు మూడవ వ్యక్తి హామీ అడిగేవి. తండ్రి లేని బిడ్డ. మేము సంతోషంగా సంతకం పెట్టాము. ఒక్క కాగితమైనా పూర్తిగా చదవలేదు. పిల్లవాడికి తలాంతు ఉన్నది, తప్పక పైకి వస్తాడు అనుకున్నాము.

చదువు ముగిసింది. ఉద్యోగం రాలేదు. వచ్చిన చిన్న పనిలో జీతం అతని గది అద్దెకే చాలలేదు. ఆరు నెలలు గడిచేసరికి బ్యాంకు ఉత్తరాలు మా ఇంటికి రాసాగినవి. మా జీతములో నుండి నెలకు నాలుగు వేలు చొప్పున రెండు సంవత్సరాలు కట్టాము. మా ఇంట్లోవారు ఆ రెండేళ్లు పండుగకు కొత్త చీర మాట ఎత్తలేదు.

డబ్బు సంగతి మరచిపోవచ్చును. ఆ యువకుడు మాకు ముఖం చూపలేక సంఘానికి రావడమే మానివేశాడు. బజారులో మమ్మును చూస్తే సందు తిరిగిపోయేవాడు. మేము సహాయము అనుకొని చేసిన పని ఆ బిడ్డను మా నుండి దూరం చేసింది. గనుక మరొక కుటుంబం అదే ప్రశ్నతో వచ్చినప్పుడు "దేవుడే చూచుకుంటాడు, సంతకం పెట్టండి" అని చెప్పడానికి మా నోరు రాలేదు. అలాగని "ఇంజనీరింగు చదివించండి" అని చెప్పడానికీ ఆ పాదము బొమ్మ ఒప్పుకోలేదు.

ఇవి రెండు ప్రశ్నలు

ఇటువంటి సమయంలో చాలా ఇళ్లలో రెండు ప్రశ్నలు కలిసిపోతాయి. మొదటిది: ఈ బిడ్డకు చిత్రకళ తగినదా? రెండవది: ఈ కళాశాలకు, ఈ ఫీజుకు, ఈ అప్పు తగినదా? మొదటి ప్రశ్నకు అవును అని జవాబు వచ్చినంత మాత్రాన రెండవదానికి కూడా అవును అని కాదు. తండ్రి రెండవదానికి భయపడి మొదటిదానిని కాదంటాడు. బిడ్డ మొదటిదానిని కాపాడుకోవాలని రెండవదాని లెక్కే చూడదు. ఇంటిలో గొడవ అక్కడ మొదలవుతుంది.

చేతిపని తక్కువ పని అని మనము చెప్పలేము. ప్రత్యక్షపు గుడారము పని నిమిత్తము బెసలేలును పేరు పెట్టి పిలిచిన సంగతి మనకు తెలుసు. అయితే గోపురము కట్టగోరినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని చెప్పిన ఉపమానము కూడా మనకు తెలుసు. ఈ రెండింటిలో ఒకదానిని పట్టుకొని మరొకదానిని విడువకూడదు.

మన తెలుగు దేశపు చిత్రకారుల జీవితాలే చూడండి. రాజమండ్రిలో 1897లో పుట్టిన దామెర్ల రామారావుగారిని అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించి, ప్రోత్సహించి బొంబాయి జె.జె. స్కూలు దారి చూపించారు. 1925లో చిన్న వయసులోనే కన్నుమూసినా, ఆయన పేరు ఈనాటికీ నిలిచియున్నది. బాపుగారు చదివినది న్యాయశాస్త్రం. ఆయనను నిలబెట్టినది బొమ్మ. తోట వైకుంఠంగారు హైదరాబాదులోను బరోడాలోను చిత్రకళ చదివారు. 'దాసి' సినిమాకు కళాదర్శకత్వం చేసి జాతీయ బహుమతి అందుకున్నారు. ఒకరికి గురువు చేయూత, మరొకరికి వేరొక డిగ్రీ, ఇంకొకరికి బొమ్మలతోపాటు సినిమా పని. దారి ఒక్కటే కాదు అని చెప్పడానికే ఈ పేర్లు ఎత్తాము. వీరిని చూపి, ప్రతి బిడ్డ ఇలాగే అవుతుందని మాత్రం ఎవరూ లెక్క కట్టకూడదు.

అప్పు నిద్రపోదు

ఆ వారంలో మేము బ్యాంకుకు వెళ్లి అడిగి తెలుసుకున్న సంగతులు, తరువాత కాగితం మీద వేసిన లెక్క ఇక్కడ వ్రాస్తున్నాము. వడ్డీ బ్యాంకును బట్టి మారుతుంది. లెక్క తేలికగా ఉండటానికి నూటికి సంవత్సరానికి పది రూపాయలు అనుకుందాము.

చదువు కాలము, ఆ తరువాత ఒక సంవత్సరము సాధారణంగా వాయిదాలు కట్టనవసరం లేదు. చాలామంది తల్లిదండ్రులు దీనిని వడ్డీ లేని కాలము అనుకుంటారు. అది పొరపాటు. వాయిదాకు సెలవు ఉన్నది గాని వడ్డీకి సెలవు లేదు.

ఏడాదికి రెండు లక్షల చొప్పున నాలుగు సంవత్సరాలు తీసుకుంటే అసలు ఎనిమిది లక్షలు. మొదటి రెండు లక్షల మీద అయిదు సంవత్సరాలు, రెండవదాని మీద నాలుగు, మూడవదాని మీద మూడు, నాలుగవదాని మీద రెండు సంవత్సరాలు వడ్డీ నడుస్తుంది. బారు వడ్డీయే వేసినా అది 2,80,000 రూపాయలు. అనగా బిడ్డ మొదటి వాయిదా కట్టే నాటికి అప్పు ఎనిమిది లక్షలు కాదు, 10,80,000.

దానిని పది సంవత్సరాలలో తీర్చాలంటే నెలకు సుమారు 14,270 రూపాయలు. మొత్తం కట్టేది పదిహేడు లక్షల పైచిలుకు. పదిహేను సంవత్సరాలకు సాగదీస్తే నెలకు సుమారు 11,600 అవుతుంది. మొత్తం దాదాపు ఇరవై ఒక్క లక్షలు. వాయిదా తగ్గినట్టు కనబడుతుంది గాని భారం పెరుగుతుంది.

చదువు కాలములోనే వడ్డీని నెలనెలా కట్టగలిగిన కుటుంబానికి ఒక మేలున్నది. మొదటి సంవత్సరం నెలకు సుమారు 1,670, రెండవ ఏట 3,330, మూడవ ఏట 5,000, ఆపైన 6,670. అలా కడితే అప్పు ఎనిమిది లక్షల దగ్గరే నిలుస్తుంది. పది సంవత్సరాల వాయిదా 10,570కి దిగుతుంది. మొత్తం మీద లక్షా అరవై వేలకు పైగా మిగులుతుంది.

మరొక సంగతి గమనించండి. ఏడున్నర లక్షలు దాటిన అప్పుకు బ్యాంకులు సాధారణంగా ఆస్తి తాకట్టు అడుగుతాయి. ఆ లోపు అయితే ప్రభుత్వ రుణ హామీ నిధి కింద తాకట్టు లేకుండా ఇచ్చే ఏర్పాటు 2015 నుండి ఉన్నది. ఈ కుటుంబానికి కావలసినది ఎనిమిది లక్షలు. ఆ చివరి యాభై వేల కొరకు ఇల్లంతా కాగితాల మీదికి ఎక్కుతోంది! ఈ మాట చెప్పినప్పుడు ఆ సహోదరుడు చాలాసేపు మౌనంగా ఉండిపోయారు.

తాకట్టు లేకపోయినా తండ్రి లేక తల్లి అప్పులో భాగస్తులే. వాయిదా తొంభై రోజులు దాటి నిలిచిపోతే బ్యాంకు దానిని మొండి బాకీగా లెక్కిస్తుంది. ఆ మచ్చ బిడ్డ పేరు మీదనే కాదు, తండ్రి పేరు మీద కూడా పడుతుంది. రేపు చిన్నబిడ్డ చదువుకో, ఇంటి మరమ్మతుకో అప్పు అడిగితే ఆ మచ్చ ఎదురవుతుంది.

సంపాదన ఎటునుండి వస్తుంది?

బి.ఎఫ్.ఎ. అనగా ఒకే చదువు కాదు. అప్లైడ్ ఆర్ట్ చదివినవారు ప్రకటనల సంస్థలు, ప్యాకింగు డిజైను, పత్రికలు, వెబ్‌సైట్ల పనికి వెళతారు. యానిమేషన్ వారు సినిమా, ఆటల కంపెనీలకు వెళతారు. పెయింటింగు, శిల్పము చదివినవారికి నెల జీతపు ఉద్యోగాలు తక్కువ. బడులలో డ్రాయింగు మాష్టరు పని, సినిమా సెట్లు, గోడ చిత్రాలు, విగ్రహాల పని, సొంత చిత్రాల అమ్మకము వారికి దారులు. తెనాలిలో ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేసి దూరప్రాంతాలకు పంపేవారున్నారు. కలంకారి, కొండపల్లి, ఏటికొప్పాక, చేర్యాల పనులకు కొత్త డిజైను చేసి ఇచ్చేవారికీ చోటున్నది.

స్థిరమైన ఉద్యోగాలు లేకపోలేదు. కేంద్రీయ విద్యాలయాలలో డ్రాయింగు ఉపాధ్యాయునికి ఏడవ వేతన సంఘం ప్రకారం ప్రారంభ మూలవేతనమే 44,900. కాని అట్టి ఖాళీలు ఏటా పడవు, పడినా కొద్దిగానే ఉంటాయి, పోటీ దేశమంతటి నుండి వస్తుంది. దానిని ఆశగా పెట్టుకోవచ్చును గాని, అప్పు తీర్చే ఆధారంగా పెట్టుకోకూడదు.

పని మారిపోయే సంగతి కూడా చూడాలి. మా చిన్ననాట ప్రతి ఊరిలో గోడల మీద, బోర్డుల మీద అక్షరాలు వ్రాసే ఆర్టిస్టు ఉండేవాడు. కూటాల బేనర్లు అతడే గుడ్డ మీద వ్రాసేవాడు. ఫ్లెక్సీ వచ్చి ఆ పనిని దాదాపు తుడిచివేసింది. ఇప్పుడు 2022 నుండి మాట చెబితే బొమ్మ వేసే కంప్యూటరు పద్ధతులు వచ్చినవి. చిన్న చిన్న బొమ్మలు వేసి తెచ్చుకునే కూలి మీద దాని దెబ్బ పడుతున్నదని ఆ పనిలో ఉన్న మన యువకులే చెబుతున్నారు. అందుచేత ఒక్క సాఫ్ట్‌వేరు నేర్పి పంపే కోర్సుకు పెద్ద అప్పు చేయడం మరీ ప్రమాదము. చూపు, గీత, మనిషి ఆకారము, రంగు, అక్షరము బాగా నేర్పే చదువుకు కొంత బలం ఉంటుంది. పనిముట్టు మారినా అవి మారవు.

ఇక మేము ఒక చిన్న సూత్రం పెట్టుకున్నాము. ఇది బ్యాంకు నియమము కాదు, మా అనుభవము చెప్పినది మాత్రమే. నెలవారీ వాయిదా మొదటి జీతములో అయిదవ వంతు దాటకూడదు. మొదటి జీతం ఇరవై వేలు అనుకుంటే వాయిదా నాలుగు వేలు. పది సంవత్సరాలలో తీర్చే లెక్కన నాలుగు వేల వాయిదాకు సరిపడే అప్పు సుమారు రెండుంపావు లక్షలు. ఎనిమిది లక్షల అప్పుతో అదే జీతము ఉన్న బిడ్డకు వాయిదా పోగా నెలకు 5,730 మిగులుతుంది. పట్టణంలో గది అద్దెకు కూడా అది చాలదు. మా సంఘపు యువకుడికి జరిగినది సరిగ్గా ఇదే.

కళాశాల వారిని ఏమి అడగాలి?

కళాశాల పుస్తకములో కోటు వేసుకొని నవ్వుతున్న నలుగురు విద్యార్థుల ఫోటోలు ఉంటాయి. ఆ నలుగురి సంగతి కాదు, మిగిలినవారి సంగతి అడగాలి.

కేంద్ర ప్రభుత్వము 2016 నుండి ప్రకటిస్తున్న ఎన్.ఐ.ఆర్.ఎఫ్. ర్యాంకులలో పాల్గొనే సంస్థలు తమ లెక్కలను ఇవ్వాలి. ఎందరు చేరారు, ఎందరు సకాలంలో ప్యాసయ్యారు, ఎందరికి ఉద్యోగాలు వచ్చినవి, వారి మధ్యస్థ జీతము ఎంత, ఎందరు పై చదువుకు వెళ్లారు అన్నది అందులో ఉంటుంది. మధ్యస్థ జీతమనగా జీతాలను వరుసగా పేర్చినప్పుడు సరిగ్గా నడుమ వచ్చేది. సగటు కంటే ఇది నమ్మదగినది, ఎందుకంటే ఒక్కరికి వచ్చిన పెద్ద జీతం దీనిని పైకి లాగలేదు.

అయినా ఇందులో రెండు గుంటలున్నవి. ఒకటి, ఆ జీతము ఉద్యోగం వచ్చినవారిది మాత్రమే; రానివారు ఆ లెక్కలో లేరు. రెండవది, ఆ లెక్క నాలుగేళ్ల డిగ్రీలన్నిటికీ కలిపి ఉంటుంది. ఇంజనీరింగు కూడా ఉన్న పెద్ద ప్రైవేటు విశ్వవిద్యాలయమైతే, అక్కడ కనబడే జీతము చాలావరకు కంప్యూటరు ఇంజనీర్లది. బొమ్మల చదువు చదివినవారిది వేరుగా అడిగి తెలుసుకోవాలి.

గనుక మేము ఆ తండ్రికి ఈ ప్రశ్నలు వ్రాసి ఇచ్చాము:

1. మూడు సంవత్సరాల క్రితం ఈ శాఖలోనే డిగ్రీ పూర్తి చేసినవారు ఎందరు? ఇప్పుడు వారు ఏమి చేస్తున్నారు? ఇద్దరి ముగ్గురితో మాట్లాడించగలరా?

2. ఫీజు ఏటా పెరుగుతుందా? ఎంత?

3. రంగులు, కాన్వాసు, కంప్యూటరు, చదువు యాత్రలు, ప్రదర్శన ఖర్చు ఫీజులో ఉన్నవా, బయటనా?

4. మధ్యలో మానవలసి వస్తే కట్టిన డబ్బు సంగతి, సర్టిఫికెట్ల సంగతి ఏమిటి?

5. డిగ్రీ ఇచ్చేది ఏ విశ్వవిద్యాలయము? దానికి గుర్తింపు ఉన్నదా?

ఆయన వెళ్లి అడిగి వచ్చారు. మూడవ ప్రశ్నకు "బయటనే" అన్నారట. మొదటి ప్రశ్నకు మళ్లీ ఆ పుస్తకమే ఇచ్చి పంపించారట.

విదేశమైతే ఇది పోతుందనుకోవద్దు. అమెరికాలో ప్రభుత్వమే 2015 నుండి కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే వెబ్‌సైటులో కళాశాలల సంపాదనను, అప్పును చూపిస్తున్నది. అయినా 2021 జూలైలో వాల్ స్ట్రీట్ జర్నల్ ఒక సంగతి బయటపెట్టింది. పేరుగల కొలంబియా విశ్వవిద్యాలయంలో సినిమా కళలో మాస్టర్స్ చదివి ప్రభుత్వ రుణము తీసుకున్నవారి మధ్యస్థ అప్పు 1,81,000 డాలర్లు. రెండేళ్ల తరువాత వారిలో సగంమంది సంపాదన సంవత్సరానికి 30,000 డాలర్ల లోపే. పెద్ద పేరు పెద్ద జీతానికి హామీ కాదు. కళల చదువుకు ఇల్లు, పొలము అమ్మి బిడ్డను సముద్రము దాటించాలనుకునే మన కుటుంబాలు ఈ అంకెలను ఒకసారి రూపాయలలోకి మార్చి చూచుకోవాలి.

తక్కువ అప్పు దారులు

ఈ చదువుకు ప్రభుత్వ దారులు ఉన్నవి; మన కుటుంబాలలో చాలామందికి తెలియదు. హైదరాబాదులో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో బి.ఎఫ్.ఎ. ఉన్నది, ప్రవేశ పరీక్ష వ్రాయాలి. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి లలితకళల శాఖ ఉన్నది. కడపలో 2020లో ఆర్కిటెక్చర్, లలితకళలకు ఒక విశ్వవిద్యాలయము వచ్చింది. పై చదువుకు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయపు సరోజినీ నాయుడు స్కూలు, శాంతినికేతనంలోని కళాభవన్, బరోడా ఉన్నవి. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో కూడా స్వయంపోషక సీట్లకు ఫీజు ఎక్కువ ఉండవచ్చును. అది ముందే అడగాలి.

ఫీజు రీయింబర్స్‌మెంటు వస్తుందా అన్నది చూడాలి. క్రైస్తవులైన దళిత కుటుంబాలు మన రెండు రాష్ట్రాలలోను బి.సి.-సి కింద వస్తాయి. ఆ సర్టిఫికెటు, ఆదాయపు సర్టిఫికెటు సమయానికి సిద్ధం చేసుకోక సహాయము పోగొట్టుకున్న బిడ్డలను మేము చూశాము. ప్రభుత్వ సొమ్ము ఆలస్యమైతే కళాశాల ముందుగా మన చేత కట్టించుకోవచ్చును. అందుకు కొంత చేతిలో ఉంచుకోవాలి.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము పి.ఎం. విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. జాబితాలోని మంచి సంస్థలలో సీటు వచ్చినవారికి తాకట్టు, మూడవ వ్యక్తి హామీ లేకుండా రుణము ఇచ్చే ఏర్పాటు అది. కుటుంబ ఆదాయము ఎనిమిది లక్షల లోపు ఉంటే, పది లక్షల వరకు రుణము మీద వాయిదా సెలవు కాలములో వడ్డీలో మూడు శాతము తగ్గింపునకు దరఖాస్తు చేసుకోవచ్చును. అయితే అన్ని కళాశాలలూ ఆ జాబితాలో లేవు. సీటుకు డబ్బు కట్టక ముందే జాబితా చూడండి. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో కట్టేవారికి చదువు అప్పు వడ్డీ మీద ఎనిమిది సంవత్సరాల వరకు మినహాయింపు కూడా ఉన్నది.

ఆ ఇంటిలో జరిగినది

వారం తరువాత ఆ కుటుంబం మళ్లీ వచ్చింది. ఆ రోజు మేము మరొకరిని కూడా పిలిపించాము. 2011లో మేము సంతకం పెట్టిన ఆ యువకుడే. ఏడేళ్ల తరువాత ఒక క్రిస్మస్ రాత్రి అతడే మా గుమ్మంలోకి వచ్చి నిలుచున్నాడు. అప్పటినుండి మళ్లీ సంఘములో ఉన్నాడు. ఇప్పుడు పట్టణంలో ఒక ప్రింటింగు ప్రెస్సులో డిజైను పని చేస్తున్నాడు. మాకు ఇవ్వవలసినది కొంచెం కొంచెంగా ఇస్తున్నాడు. వద్దన్నా మానడు.

అతడు ఆ బిడ్డ బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా చూచాడు. "చెల్లీ, నీకు వచ్చును. నేను నీ వయసులో ఇంత బాగా వేయలేదు. కాని నేను బొమ్మలు వేయడం మానుకున్నది చేతకాక కాదమ్మా, వాయిదాకు భయపడి. రాత్రి నిద్ర పట్టనివాడు పొద్దున బొమ్మ వేయలేడు. నువ్వు వేస్తూ ఉండాలంటే అప్పు తక్కువ ఉండాలి" అన్నాడు.

మేము వారం రోజులు కూర్చి వేసిన లెక్క అంతా ఆ ఒక్క మాటలో ఉన్నది.

అప్పుడు ఆ బిడ్డ మొదటిసారి నోరు విప్పింది. "అయ్యగారూ, ఒక సంవత్సరం ఆగి ప్రభుత్వ పరీక్ష వ్రాస్తాను. నాన్నా, ఇంటి కాగితాలు లోపల పెట్టెయ్యండి" అన్నది.

ఒక సంవత్సరం పోతుందే అని తండ్రి బాధపడ్డారు. పక్కింటివారు, బంధువులు ఏమంటారో అని తల్లి బాధపడ్డారు. అది చిన్న బాధ కాదని మాకు తెలుసు. ఆ సంవత్సరమంతా ఆ బిడ్డ ఉదయము ఆ యువకుని ప్రెస్సులోనే పెళ్లి కార్డులు, కరపత్రాలు దిద్దింది. సాయంత్రము పరీక్ష నిమిత్తము బొమ్మలు వేసింది. పనిలో నిజంగా ఏమి ఉంటుందో, అడిగిన మార్పులు ఎన్నిసార్లు చేయాలో, డబ్బు ఎంత ఆలస్యంగా చేతికి వస్తుందో అప్పుడే తెలుసుకున్నది. అది తెలిసిన తరువాత కూడా ఇదే కావాలని అన్నది. మా మట్టుకు మాకు, మొదటి ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది.

పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. ఇప్పుడు ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో అప్లైడ్ ఆర్ట్ మొదటి సంవత్సరము చదువుతున్నది. హాస్టలు, సామానుల ఖర్చుకు నాలుగేళ్లకు కలిపి రెండు లక్షల రుణము తీసుకున్నారు, ఏడాదికి యాభై వేల చొప్పున. ఈ సంవత్సరపు వడ్డీ నెలకు 417 రూపాయలు. దానిని తల్లి కుట్టు కూలిలో నుండి తప్పకుండా కడుతున్నారు. ఇంటి కాగితాలు బీరువాలోనే ఉన్నవి.

ఆ బిడ్డకు రేపు ఎంత జీతం వస్తుందో మాకు తెలియదు. మంచి ఉద్యోగము రావచ్చును, రాకపోవచ్చును. రాకపోయినా ఆ ఇల్లు నిలుస్తుంది, ఆ చేయి ఆగదు. మేము నిశ్చయంగా చెప్పగలిగినది అంతమట్టుకే.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ బొమ్మల కట్ట తెచ్చి మీ ముందు పెట్టినప్పుడు కోపపడకండి. ముందు ఆ బొమ్మలను పూర్తిగా చూడండి. ఆ తరువాత పెన్సిలు, కాగితము తీసుకొని బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని, మీ ఆదాయము, అప్పు, వాయిదా ఏదీ దాచకుండా లెక్క వేయండి. ఇంటి సంగతి పిల్లలకెందుకు అనుకోవద్దు. రేపు ఆ అప్పు మోయవలసినది వారే.

యువతీ యువకులారా, మీ తండ్రి లెక్క అడిగితే మీ కలను కాదన్నాడని అనుకోకండి. కల నిలబడేది లెక్క మీదనే.

మరి ఆ కుట్టు మిషను బొమ్మ ఇప్పుడు మా ముందుగదిలో ఉన్నది. వెళ్లేముందు ఆ బిడ్డ మాకు ఇచ్చింది. చదువు అప్పు కాగితాలతో ఎవరు వచ్చినా మొదట ఆ పాదమును చూపించి, తరువాత లెక్క మొదలుపెడుతున్నాము.